టాపు ఎత్తిన బండి, టాపు దించిన బండి

వాసంశెట్టి భద్రయ్యకు ఒక కారు ఉంది. ఒక్కటే ఉంది. ఈ సంగతి ఆయనకు తెలుసు, ఆయన భార్య మంగతాయారుకు తెలుసు, మామిడిరేవు ఊరందరికీ తెలుసు. తెలియనిది ప్రభుత్వానికి ఒక్కదానికే.

అది టాపు దించుకునే కారు. ఒకప్పుడు పొగాకు కంపెనీ దొర తిరిగిన బండి. కంపెనీ మూసేసి సామాన్లు వేలం వేస్తే భద్రయ్య తండ్రి పాడుకుని తెచ్చాడు. చిలకపచ్చ రంగు కాబట్టి ఊళ్ళో అందరూ చిలకబండి అన్నారు. ఆ చుట్టుపక్కల పెళ్ళి ఊరేగింపు అంటే చిలకబండే. టాపు దించి, బానెట్ నిండా బంతిపూలు కట్టి, వెనక సీటు పైఅంచు మీద పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ కూర్చోబెట్టి, బ్యాండుమేళం నడకకు సరిగ్గా సరిపోయేటట్టు నడిపేవాడు భద్రయ్య. అమ్మమ్మలు కూర్చున్న సీటు మీదే మనవరాళ్ళూ కూర్చున్నారు.

అంత నెమ్మదిగా నడిచే పాతబండిని బతికించుకోవడం తేలిక కాదు. ఇంజిన్ ఉడికిపోతుంది, క్లచ్ అరిగిపోతుంది. కార్బురేటర్‌ను భద్రయ్య చంటిపిల్లకు నీళ్ళు పోసినంత శ్రద్ధగా కడిగేవాడు. టాపు గుడ్డ చిరిగితే షామియానాలు కుట్టే దర్జీ చేత మందపాటి కాన్వాసుతో మళ్ళీ కుట్టించేవాడు. తడిగుడ్డ మడిస్తే బూజు పడుతుంది. అందుకని వాన వెలిసిన ప్రతిసారీ టాపు ఎత్తి ఉంచి, బాగా ఆరాక, ఇనపకమ్ముల కీళ్ళలో నూనె చుక్కలు వేసి, అప్పుడు మడిచేవాడు.

“నా మోకాళ్ళు కిర్రుమంటన్నాయని ఏడాదిగా చెబుతున్నాను. ఒక్క చుక్క రాశావా ఎప్పుడన్నా?” అనేది మంగతాయారు.

“నువ్వు పెళ్ళికెళ్తే తినొస్తావు. అది సంపాదించుకొస్తది” అనేవాడు భద్రయ్య, గుడ్డతో అద్దం తుడుస్తూ.

అలా నడుస్తుండగా ప్రభుత్వం ‘ఒకే వాహనం, ఒకే రూపం’ అనే పథకం తెచ్చింది. దొంగలు బండ్ల రంగు మార్చి, ఆకారం మార్చి తిప్పుతున్నారట. ఇకమీదట ప్రతి బండినీ యంత్రం ఫొటో తీస్తుంది. ఆ తర్వాత ఎప్పుడు చూసినా బండి ఆ ఫొటోలో ఉన్నట్టే ఉండాలి. ఈ పని చూడటానికి వాహన స్వరూప నిర్ధారణ విభాగం అని ఒకటి పుట్టింది. మామిడిరేవు శాఖకు తిరువీధుల పరాంకుశం గారు అధికారిగా వచ్చారు. ఆయన మంచినీళ్ళు అడిగినా ప్రకటన చదివినట్టు ఉండేది.

భద్రయ్య పొద్దున్నే బండిని కడిగి, టాపు దించి ఆ ఆఫీసుకు తీసుకెళ్ళాడు. ఎండ కాస్తోంది. గేటు దగ్గరి యంత్రం ఫొటో తీసింది. వరస నెమ్మదిగా జరిగింది. జరుగుతుండగా మబ్బు పట్టి చినుకులు మొదలయ్యాయి. సీట్లు తడుస్తాయని భద్రయ్య దిగి టాపు ఎత్తాడు. లోపలి యంత్రం ముందుకు వచ్చేసరికి ఎర్రదీపం వెలిగింది. ‘స్వరూపం సరిపోలలేదు’ అంది యంత్రం, ఆడగొంతుతో.

పరాంకుశం గారు స్వయంగా బయటికి వచ్చారు. వెనకే ఆయన సహాయకుడు ఉపేంద్ర వచ్చాడు.

“ఇది మీరు తీసుకువచ్చిన వాహనం కాదు” అన్నారు పరాంకుశం గారు.

“అదేనండి. వానొచ్చిందని టాపు ఎత్తానండి.”

“టాపు మా పరిధిలోకి రాదు. మా పరిధిలోకి వచ్చేది స్వరూపం. గేటు వద్ద టాపు లేని వాహనం ప్రవేశించినట్టు నమోదైంది. ఇక్కడ టాపు కలిగిన వాహనం నిలబడి ఉంది. కాబట్టి ఇవి రెండు వాహనాలు.”

“ఇప్పుడే దించి చూపిస్తానండి.”

“దించితే మొదటిది వస్తుంది. మరి రెండోది ఏమైనట్టు?”

భద్రయ్య టాపు వంక చూశాడు. ఇన్నేళ్ళ నుంచి టాపు దించుతున్నాడు గానీ ఆ కోణంలో ఎప్పుడూ ఆలోచించలేదు.

పరాంకుశం గారు దయగల మనిషి. కేసు పెట్టకుండా రెండు బండ్లకూ వేరువేరు నంబర్లు ఇప్పించారు. పన్నులు కూడా వేరువేరే. టాపు దించినప్పుడు ఒక నంబరు పలక, ఎత్తినప్పుడు ఇంకో నంబరు పలక బిగించాలి. భద్రయ్య జేబులో స్క్రూడ్రైవర్ వేసుకుని ఇంటికి వచ్చాడు.

సంగతంతా విని మంగతాయారు అరుగు మీద కూలబడింది. “ఒక్క సవతితోనే ఏగలేక చస్తన్నాను. ఇప్పుడు దానికో సవతిని తెచ్చావా?”

కొన్నాళ్ళు అలాగే గడిచాయి. ఊరేగింపు మధ్యలో చినుకు పడితే బ్యాండు ఆగేది, పెళ్ళివారు దిగేవారు, భద్రయ్య కింద కూర్చుని నంబరు పలకలు మార్చేవాడు. పెళ్ళికొడుకు తరఫు కుర్రాళ్ళు చుట్టూ చేరి చప్పట్లు కొట్టేవారు. అంతవరకూ ఫరవాలేదు. తంటా అంతా తనిఖీలతో వచ్చింది.

పరాంకుశం గారు ఇంటికి వచ్చి చూశారు. టాపు దించిన బండి ఉంది.

“రెండో వాహనం ఎక్కడ?”

“ఇందులోనే ఉందండి” అన్నాడు భద్రయ్య.

“ఒక వాహనంలో మరో వాహనాన్ని దాచడం వేరే నేరం. ఉపేంద్రా, రాసుకో.” ఉపేంద్ర రాసుకున్నాడు. “తనిఖీకి చూపని వాహనాన్ని అపహరణకు గురైనట్టు పరిగణించాలని మా నిబంధన. పోలీసు వారికి తెలియజేయడం నా విధి.”

హెడ్ కానిస్టేబుల్ ఏసుపాదం వచ్చాడు. అతని పెళ్ళి ఊరేగింపు కూడా చిలకబండిలోనే జరిగింది. టోపీ తీసి బానెట్ మీద పెట్టి, మొహమాటంగా మొదలుపెట్టాడు.

“బాబాయ్, పోయిన బండిని ఆఖర్న ఎక్కడ చూశావ్?”

“ఇక్కడేరా.”

“పక్కన ఎవరన్నా ఉన్నారా?”

“నేనే ఉన్నాను. నేనే మడతపెట్టాను.”

“అలా అనకు బాబాయ్. ఒప్పుకున్నట్టు రాయాల్సొస్తది.”

భద్రయ్య లేచి, కొక్కేలు విప్పి, టాపు ఎత్తి బిగించాడు. “ఇదిగో. దొరికింది.”

ఏసుపాదం మొహం వెలిగిపోయింది. తన సర్వీసులో ఇంత తొందరగా తేలిన దొంగతనం కేసు ఇంకోటి లేదు. ఫోన్లో ఉపేంద్రకు చెప్పాడు. అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. తర్వాత ఉపేంద్ర గొంతు బయటికి వినబడింది. “సంతోషం. మరి ఇందాకటి దాకా ఉన్నదేదీ?”

ఏసుపాదం బండి చుట్టూ తిరిగి చూశాడు. వంగి కిందకి కూడా చూశాడు.

“అది పోయింది సార్” అన్నాడు. “ఇది దొరికిన చోటే పోయింది.”

ఈ చిక్కుముడి విప్పడానికి రాజధాని నుంచి నిపుణుల సంఘం దిగింది. కుర్చీలు, కొబ్బరిబోండాలు, కొలతల పనిముట్లు వచ్చాయి. భద్రయ్య చేత టాపును మళ్ళీ మళ్ళీ ఎత్తించి, దించించి, ఏ క్షణంలో ఒక బండి అంతమై ఇంకొక బండి పుడుతోందో కనిపెట్టాలని చూశారు. సగంలో ఆగితే అది మూడో బండి అవుతుందని ఒక సభ్యుడు భయం వెలిబుచ్చాడు. సంఘం కంగారుపడి, సగంలో ఎప్పుడూ ఆపరాదని భద్రయ్య చేత ప్రమాణం చేయించింది. చివరికి అధ్యక్షుడు లేచి నిర్ణయం చదివాడు.

“టాపు లేని వాహనం అరుదైనది. దానిని పరిరక్షిత వాహనంగా గుర్తిస్తున్నాం. దానిని శాశ్వతంగా కాపాడే బాధ్యత యజమానిదే. టాపు గల వాహనం పాతది, పొగ విడుస్తుంది, ఏ ప్రత్యేకతా లేదు. దానిని తుక్కు చేయాలి. అభినందనలు భద్రయ్య గారూ! మీ ఒక వాహనం జాతికి సంపద. ఇంకొకటి జాతికి భారం.”

చిలకబండి బానెట్ మీద శాలువా కప్పారు.

“రెండింటికీ ఇంజిన్ ఒకటేనండి” అన్నాడు భద్రయ్య, ఏడుపు గొంతుతో.

“ఇంజిన్ స్వరూపం కాదు” అన్నారు పరాంకుశం గారు.

ఆ రోజు నుంచి భద్రయ్యకు టాపు వంక చూడాలంటే భయం పట్టుకుంది. అది ఒక్కసారి పైకి లేచిందంటే తుక్కు యార్డుకు తీసుకెళ్ళి యంత్రం కింద నలిపేస్తారు. లేవకుండా ఉన్నంతసేపూ అది జాతి సంపద. సరే, దించే ఉంచుదాం అనుకున్నాడు. వానాకాలం మాత్రం ఆగుతుందా? బండిని రేకుల షెడ్డులోకి తోశాడు. మర్నాడే పరాంకుశం గారు వచ్చారు.

“వాహనం పైన కప్పు కనబడుతోంది.”

“అది షెడ్డండి.”

“కప్పు వాహనానికి అతుక్కుని ఉండాలని నిబంధనలో ఎక్కడా లేదు. వాహనం పైన కప్పు ఉందా లేదా అన్నదే ప్రశ్న. ఈ షెడ్డులో ఉన్నంతసేపు ఇది టాపు గల వాహనమే. ఇవాళ్టికి హెచ్చరికతో వదిలిపెడుతున్నాను.”

భద్రయ్య ఆ సాయంత్రమే షెడ్డు రేకులు ఊడదీశాడు. పెరట్లో వేపచెట్టు కిందకు చేర్చాడు. చెట్టు కప్పు అవుతుందా అవదా అని ఉపేంద్రకు సందేహం వచ్చి రాజధానికి రాశాడు. జవాబు వచ్చేలోగా కొమ్మలు నరకడం మంచిదని సలహా ఇచ్చాడు. కొమ్మలు పోయాయి.

వాన పడుతుంటే భార్యాభర్తలిద్దరూ బండిలో నీళ్ళు చెంబులతో తోడి బయట పోసేవారు. సీట్ల లోపలి కొబ్బరిపీచు ఉబ్బింది. పాదాల కింద రేకు తుప్పుపట్టి, ఒకచోట వేలు దూరేంత చిల్లి పడింది. భద్రయ్య ఆ చిల్లిలో వేలు పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాడు. మంగతాయారు గొడుగు పట్టుకుని పక్కనే నిలబడింది. దారిన పోతున్న ఉపేంద్ర బండాపాడు.

“అమ్మా, ఆ గొడుగు ఎవరి మీద పట్టారు?”

“నా మొగుడి మీద బాబూ.”

“మీ ఆయన వాహనంలో ఉన్నారు కదా.”

“అయితే నా మొగుణ్ణి కూడా తుక్కు కింద రాసుకో. ఎప్పట్నుంచో అనుకుంటన్నాను” అని ఆమె గొడుగు విసిరికొట్టింది.

ఆ వారంలోనే జాతి సంపదను తడిపి పాడుచేస్తున్నందుకు సంజాయిషీ చెప్పాలని భద్రయ్యకు నోటీసు వచ్చింది.

అక్కడ పరాంకుశం గారికీ ఊపిరాడటం లేదు. జిల్లాలో తుక్కు చేయవలసిన బండ్లన్నీ అయిపోయాయి. ఇదొక్కటే మిగిలింది. ఇది కూడా పూర్తయితే ఆయనకు రాజధానిలో పెద్ద కుర్చీ ఖాయం. కాలవ లాకుల దగ్గర, రైల్వేగేటు దగ్గర, సినిమాహాలు సందులో కాపలా పెట్టించారు. ఎక్కడ చూసినా టాపు దించిన బండే కనబడుతోంది. చివరికి ఆయన ఏడుకొండలవాడికి మొక్కుకున్నారు. ఆ రెండో వాహనం దొరికితే తలనీలాలు సమర్పించుకుంటానని.

దేవుడు విన్నాడు. శ్రావణమాసం పెళ్ళి ఒకటి కుదిరింది. ఊరేగింపు ముగించి, పెళ్ళికూతుర్ని అత్తవారింట దింపడానికి భద్రయ్య కాలవగట్టు మీద వెళ్తున్నాడు. దారి మధ్యలో కుండపోత. ఆగడానికి ఇల్లు లేదు, వాకిలి లేదు. పెళ్ళికూతురు బక్కపిల్ల. పట్టుచీర ఒంటికి అంటుకుపోయి, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. బొట్టు కారి ముక్కు మీదకి వచ్చింది.

“టాపు ఉంది కదండీ, ఎత్తరేం?” అన్నాడు పెళ్ళికొడుకు.

భద్రయ్య బండి వేగం పెంచాడు.

“ఏవయ్యో, పిల్లకి జ్వరం తగులుకునేలా ఉంది. నీకు ఆడపిల్లలు లేరా?” అంది తోడు వచ్చిన మేనత్త.

భద్రయ్య బండి ఆపి అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. లేచి టాపు ఎత్తాడు. సగంలో ఆపలేదు.

బండి లాకుల దగ్గరికి రాగానే అక్కడి టీబడ్డీలోంచి పరాంకుశం గారు పరుగెత్తుకు వచ్చారు, గ్లాసు చేతిలోనే ఉంది. “దొరికింది! ఉపేంద్రా, దొరికింది!”

కాపలాలో ఉన్న ఏసుపాదం తలదించుకుని బండికి అడ్డంగా నిలబడ్డాడు. “క్షమించు బాబాయ్.”

“అయ్యా, ఈ పిల్లను దింపేసి వస్తానండి. ఒక్క ఊరే” అన్నాడు భద్రయ్య.

“ప్రయాణికుల సౌకర్యం వేరే శాఖ చూస్తుంది” అన్నారు పరాంకుశం గారు. పెళ్ళివాళ్ళు ముగ్గురూ దిగి వానలో నడిచిపోయారు. “తాళ్ళు తెచ్చి టాపును గట్టిగా కట్టండి. లేకపోతే మళ్ళీ తప్పించుకుంటుంది.”

సోమవారం తుక్కు చేయాలని నిర్ణయమైంది. పరాంకుశం గారు మొక్కు తీర్చుకోవడానికి ఆ పూటే రైలెక్కారు.

సోమవారం పొద్దున భద్రయ్య, మంగతాయారు తుక్కు యార్డుకు వెళ్ళారు. చిలకబండి పెద్ద యంత్రం పక్కన, తాళ్ళ కట్లతో, పంటినొప్పికి గుడ్డ కట్టుకున్న ముసలమ్మలా నిలబడి ఉంది. భద్రయ్య దాని రేకు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మంగతాయారు ఆ రోజు కొంగుతో దాని అద్దం తుడిచింది.

కారు దిగి పరాంకుశం గారు వచ్చారు. నున్నటి గుండు, గుండు నిండా చందనం, చేతిలో లడ్డూల సంచి. అందరికీ ప్రసాదం పంచి, నలిపే యంత్రం దగ్గరకు వెళ్ళి నిలబడ్డారు. అది అధికారి ముఖం చూస్తేనే కదులుతుంది. ఉద్యోగుల ముఖాలు కూడా పథకం కిందే ఫొటో తీశారు.

‘స్వరూపం సరిపోలలేదు’ అంది యంత్రం.

పరాంకుశం గారు చందనం తుడుచుకుని మళ్ళీ నిలబడ్డారు. సరిపోలలేదు. ఎడమకు తిరిగారు, కుడికి తిరిగారు. సరిపోలలేదు.

“ఉపేంద్రా, దీని సంగతి చూడు.”

ఉపేంద్ర చూశాడు. యంత్రాన్ని కాదు, ఆయన్ని. పైనుంచి కింది దాకా చూసి, రెండడుగులు వెనక్కి వేసి అన్నాడు. “తమరెవరు?”

“ఏమిటా ప్రశ్న? నేను పరాంకుశాన్ని!”

“పరాంకుశం గారి స్వరూపంలో జుట్టు నమోదై ఉంది. తమకు లేదు. తమరు పరాంకుశం గారి పోలికలు కలిగిన మరొక వ్యక్తి.”

“గుండు చేయించుకున్నానయ్యా! జుట్టు తీస్తే మనిషి మారిపోతాడా?”

“జుట్టు మా పరిధిలోకి రాదండి” అన్నాడు ఉపేంద్ర, ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన మాటలాగా. “అధికారి విధులకు హాజరు కాలేదు. కాబట్టి తదుపరి ఉత్తర్వుల దాకా ఇన్‌ఛార్జిని నేను. ఏసుపాదం గారూ, అధికారి కనబడుట లేదని రాసుకోండి.”

ఏసుపాదం రాసుకున్నాడు. పరాంకుశం గారు చుట్టూ చూసి భద్రయ్య దగ్గరికి గబగబా వచ్చారు.

“భద్రయ్యా! నువ్వు చెప్పు. నన్ను రోజూ చూసినవాడివి. నేను ఎవర్ని?”

భద్రయ్య ఆయన గుండు వంక చూశాడు. తాళ్ళతో కట్టిన బండి వంక చూశాడు. అబద్ధం చెప్పడం ఆయనకు అలవాటు లేదు. అందుకని నిబంధన చెప్పాడు.

“పరాంకుశం గారికి జుట్టుందండి. తమకి లేదు. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే పోల్చి చెప్పగలనండి.”

మంగతాయారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అందరూ అరుపుల్లో ఉండగా భద్రయ్య ఉపేంద్ర దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకున్నాడు. “తాళ్ళు బిగుసుకుని గుడ్డ చిరిగేలా ఉందండి. కాస్త వదులు చేసుకోమంటారా?”

“చేసుకో, చేసుకో” అన్నాడు ఉపేంద్ర. కొత్తగా వచ్చిన పదవిలో మొదటి ఉత్తర్వు అదే.

భద్రయ్య తాళ్ళు విప్పాడు. కొక్కేలు తీశాడు. టాపు మడిచి వెనక్కి దించాడు. నంబరు పలక కూడా మార్చాడు. ఉపేంద్ర ఇటు తిరిగి ఉలిక్కిపడ్డాడు.

“ఇదేమిటి! పరిరక్షిత వాహనం తుక్కు యార్డులో ఎందుకుంది? దీని మీద గీత పడితే ఎవరిది పూచీ? తీసుకెళ్ళండి, ముందు బయటికి తీసుకెళ్ళండి!”

“మరి తుక్కు చేయాల్సిన బండి?” అన్నాడు ఏసుపాదం.

ఉపేంద్ర వెతికాడు. అది లేదు. యార్డు మొత్తం వెతికించాడు. ఎక్కడా లేదు. తల పట్టుకున్నాడు. కాసేపటికి ఏసుపాదం పెన్ను మూత తీసి, చాలా గంభీరంగా అన్నాడు.

“బండీ లేదు, సారూ లేరు. ఇద్దరూ ఒకేసారి మాయమయ్యారు. నాకైతే తెలిసిపోయింది సార్. పరాంకుశం గారు ఆ బండేసుకుని పారిపోయారు.”

ఉపేంద్ర ఆ మాట మీద ఆలోచించాడు. అన్నీ సరిపోయాయి. జిల్లా అంతటా గాలింపు మొదలైంది. టాపు గల పాత కారూ, జుట్టు గల అధికారీ ఎక్కడ కనబడినా పట్టి అప్పగించాలి.

భద్రయ్య బండి బయటికి తీసేసరికి గేటు అవతల పరాంకుశం గారు లడ్డూల సంచితో ఒంటరిగా నిలబడి ఉన్నారు. ఆఫీసు కారు ఆయన్ని ఎక్కించుకోలేదు. మబ్బు కమ్ముకొస్తోంది.

“పాపం, ఎక్కించుకోవయ్యా” అంది మంగతాయారు. “ఎవరో గుండాయన.”

ఆయన ముందు సీట్లో కూర్చున్నారు. బండి కాలవగట్టు ఎక్కగానే చినుకులు మొదలయ్యాయి. కొత్త గుండు మీద ఒక్కో చుక్కా సూదిలా గుచ్చుకుంటోంది.

“భద్రయ్యా, కాస్త ఆ టాపు ఎత్తు.”

“ఎత్తమంటే ఎత్తుతానండి. కాకపోతే లాకుల దగ్గర కాపలా ఉందండి. పారిపోయిన బండి దొరుకుద్ది. అందులో తమరూ దొరుకుతారు.”

పరాంకుశం గారు లడ్డూల సంచి ఒళ్ళోకి తీసుకున్నారు. వాన పెద్దదైంది. కాసేపు ఓర్చుకుని, అరచేయి తీసి గుండు మీద అడ్డం పెట్టుకున్నారు. భద్రయ్య రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, ఎంతో మర్యాదగా అన్నాడు.

“చెయ్యి దించండి సార్. అది కూడా కప్పు కిందే లెక్క.”

పరాంకుశం గారు ఒక్క క్షణం ఆలోచించారు. నిబంధన గుర్తుకొచ్చింది. చెయ్యి దించేశారు.